ఇద్దరు చూస్తేనే రాయాలి

పోయిన ఏడు బతుకమ్మ పండుగకు పది రోజుల ముందు, ఒక ఆదివారం, సీతాకోకచిలుకలనూ తూనీగలనూ చూసే నడకకని కరీంనగర్ నుంచి ఉట్నూర్ దిక్కు అడవిలోకి పోయాను. నాకు పురుగుల మీద ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. సీతాకోకచిలుక కనిపిస్తే చూస్తాను, పోతే పోనిస్తాను. నేను పోయింది ఒక మనిషి కోసం.

నా దగ్గర ఎప్పుడో చదువుకున్న ఒకామె ఆ నడక పోస్టర్‌ను ఫోన్‌లో పంపింది. కింద వస్తామన్నవాళ్ల నంబర్ల జాబితా ఉంది. వాటిలో ఒక నంబరు దగ్గర నా వేలు ఆగింది. నా ఫోన్‌లో ఆ నంబరుకు పేరు లేదు, 'అన్న' అని మాత్రమే ఉంది. మూడేళ్లుగా నేను ఎప్పుడు చేసినా అది మోగి మోగి ఆగిపోయేది. నేనూ వస్తానని రాశాను. ఒక్కసారి ఎదురుగా నిలబడి తప్పు ఒప్పుకోవాలి, ఆయన మళ్లీ నాతో మాట్లాడాలి. అరవై రెండేళ్ల వయసులో నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

అన్న నా తోడబుట్టినవాడు కాదు. నస్పూర్‌లో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన కార్మికుడు. నేను బడిపంతులును. నలభై ఏళ్ల కింద కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం మీది గదిలో నెలకోసారి హేతువాదుల చర్చ జరిగేది. అక్కడ కలిశాం. ఆయన చదివింది ఏడో తరగతే, కానీ వాదంలో ఆయనను పట్టుకోవడం మాలో ఎవరివల్లా కాకపోయేది. బాయిలో దిగేవాడు గోడను తట్టి శబ్దం విని కప్పు కూలుతుందో లేదో చెప్తాడట. మాటను కూడా ఆయన అట్లనే తట్టి చూసేవాడు. నన్ను 'పంతులూ' అని పిలిచేవాడు, ఎగతాళిగా, ముద్దుగా.

నేను పెళ్లి చేసుకోలేదు. ఉద్యమమే ఇల్లు అన్నాను, ఆ వయసులో అట్లాంటి మాటలు సులభంగా వస్తాయి. నిజానికి నా ఇల్లు నస్పూర్‌లో ఆయన క్వార్టర్. నెలకు రెండు ఆదివారాలన్నా అక్కడ అన్నం తినేవాణ్ని. వదిన పుంటికూర, జొన్నరొట్టె పెట్టేది. ఆమెకు మా వాదాల మీద గౌరవం లేదు, కోపమూ లేదు.

"దేవుడు లేడంటవు, దయ్యం లేదంటవు," అనేది నాతో. "కూరల ఉప్పు లేదని మాత్రం ఎవల సాక్ష్యం లేకుంటనే చెప్తవు."

అన్న పగలబడి నవ్వేవాడు. "పంతులూ, దీనికి జవాబు చెప్పు. చెప్పకపోతే రొట్టె బంద్."

ఆమెకు దగ్గు ఉండేది. బొగ్గు ధూళి అందరి బట్టల మీదా పడినట్టే ఊపిరితిత్తుల్లోనూ పడింది. తెల్లారకముందే లేచి పొయ్యి ముట్టించి రెండుసార్లు దగ్గేది. ఆ దగ్గు వింటే నేను ముందుగదిలో దుప్పటి తీసి లేచి కూర్చునేవాణ్ని, ఇక చాయ్ వస్తుందని.

మా చర్చల్లో ఒక ప్రశ్న ఉండేది. ఎవరన్నా 'నేను చూసిన' అంటే, 'నీతో పాటు ఇంకెవలు చూసిన్రు?' అని అడగాలి. ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. ఒక ఊళ్లో ఒక ముసలామె బాణామతి చేసిందని, ఆమె పండ్లు పీకాలని జనం జమైతే, అన్నా నేనూ బస్సు దిగి ఉరికాం. ఒకడు ముందుకొచ్చి, ఆమె తన వాకిట్లో నిమ్మకాయ పాతిపెడుతుంటే కళ్లారా చూశానన్నాడు. ఇంకెవలు చూసిన్రని అన్న అడిగాడు. మా బామ్మర్ది అన్నాడు. బామ్మర్దిని పిలిపించాం. వాడు తల గోక్కొని, "బావ చూసిండు గదా, మల్ల నేనెందుకు చూసుడు?" అన్నాడు. జనంలో ఒకరు నవ్వారు, తర్వాత పదిమంది నవ్వారు, ముసలామె పండ్లు ఆ రోజుకు ఆమె నోట్లోనే ఉన్నాయి. ఆ ప్రశ్నను నేను ఇవాళ కూడా వదలను. అది అడగనివాళ్ల దేశంలో ముసలివాళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు బతుకు లేదు.

ఆ ప్రశ్ననే ఒకరోజు అన్నను అడిగాను.

వదిన చనిపోయి నాలుగు నెలలైంది. ఆ ఆదివారం సభకు నేను అధ్యక్షుణ్ని. చివర్లో ఎవరన్నా మాట్లాడతారా అంటే అన్న లేచాడు.

"ఒక మాట చెప్త, నవ్వద్దు," అన్నాడు. "రోజూ తెల్లారగట్ల వంటింట్ల ఆమె దగ్గు ఇనవడ్తుంది. రెండుసార్లే. లేచి పోతే ఎవలుండరు. ఇది ఎందుకైతుందో నాకు ఎరుకనే. అయినా ఇనవడ్తుంది. గంతే."

ఆయన వాదించడం లేదు. ఆత్మ ఉందని అనడం లేదు. ఎవరినీ నమ్మమనడం లేదు. తన మనుషుల ముందు తన దుఃఖం చెప్పుకుంటున్నాడు. అది నాకు ఆ క్షణంలో అర్థం కాలేదా? అయింది. కానీ ఎదుట కొత్తగా వచ్చిన పిల్లలు ముగ్గురు కూర్చున్నారు, నలభై ఏళ్ల హేతువాది దయ్యం మాట చెప్తున్నాడేమిటని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. సభ పరువు నా చేతుల్లో ఉందనుకున్నాను.

"ఇంకెవలకన్న ఇనవడ్డదా అన్నా?" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగలేదు. మూడు కారణాలు చెప్పాను. ఒకటి, అలవాటైన శబ్దాన్ని మెదడు తనంతట తాను పుట్టించుకుంటుంది. రెండు, నిద్రకూ మెలకువకూ మధ్య చెవి మోసపోతుంది. మూడు, క్వార్టర్లకు నడుమ ఒక్క గోడే, పక్కింటాయన కూడా బాయిలో పనిచేసినవాడే, దగ్గు ఆయనది కావచ్చు. మూడూ సరైనవే. క్రమంగా, వేళ్లు మడుస్తూ చెప్పాను. అన్న నిలబడే విన్నాడు. అయిపోయినాక తువ్వాల భుజం మీద వేసుకొని, చెప్పులు తొడుక్కొని, మెట్లు దిగి పోయాడు. అంతే. మళ్లీ ఆ గది మెట్లెక్కలేదు.

ఒకసారి నస్పూర్ పోయాను. తలుపుకు తాళం ఉంది. అరుగు మీద గంటసేపు కూర్చున్నాను. పక్కింటాయన బయటికొచ్చి, "లోపట్నే ఉన్నడు సార్, వెనక తలుపు సంది పోతడు వస్తడు," అన్నాడు. ఆ తర్వాత నేను పోలేదు. సభలు కూడా చిక్కిపోయాయి. ఇప్పుడు నెలలో రెండో ఆదివారం నేను ఆ బట్టల దుకాణం మీది గది తాళం తీసి, కిటికీలు తెరిచి, గంటన్నర పేపర్ చదివి, కిటికీలు మూసి వస్తాను. కొన్నిసార్లు ఒకరిద్దరు వస్తారు. ఎక్కువసార్లు ఎవరూ రారు.

నడక రోజు వ్యాన్ కరీంనగర్‌లో చీకటి విడవకముందే బయలుదేరింది. లక్షెట్టిపేటలో అన్న ఎక్కాడు. చిక్కిపోయాడు. భుజానికి గుడ్డసంచీ, చేతిలో బడిపిల్లల నోట్‌బుక్. నన్ను చూశాడు. ఒక్క రెప్పపాటు ఆగి, "నమస్తే సార్," అని వెనక సీట్లోకి పోయాడు.

సార్. నలభై ఏళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా సార్ అనలేదు.

నడక నడిపిస్తున్నది జువాలజీ చెప్పే ఒక యువ లెక్చరర్. చురుకైన పిల్ల. నా పక్కన ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు మేనేజర్ కూర్చున్నాడు. అందరితో 'అరె బాబా' అని మొదలుపెట్టే మనిషి. పత్తి ధర నుంచి పిల్లల చదువుల దాకా అన్నీ చెప్పి, కిటికీలోంచి చూసి, "తూనీగలు కిందికెల్లి ఎగురుతున్నయి, వాన పక్కా," అన్నాడు.

నా నోరు ఊరుకోదు. "ఎవలు కొలిచిన్రు?" అన్నాను. "కిందికి ఎగిరి వాన రాని రోజులు ఎన్నో లెక్కబెట్టిన్రా? వచ్చిన రోజులే యాది ఉంటయి మనకు. జాతకాలు చెప్పేటోడు బతికేదే దీని మీద." జన్నారం దాటేదాకా చెప్పాను. మేనేజర్ మొదట నవ్వాడు, తర్వాత తలూపాడు, తర్వాత మందులు వేసుకున్నానని నిద్ర నటించాడు. ఇట్లాంటిచోట అన్న ఉంటే, "పంతులూ, జర ఊపిరి తీసుకో, ఆయనకు తీసుకోనియ్యి," అనేవాడు. ఆయన వెనకనే ఉన్నాడు, అనలేదు.

ఉట్నూర్ ఇవతల ఒక వాగు దగ్గర దిగాం. అటవీశాఖ వాచర్ ఒకాయన మా కోసం ఎదురుచూస్తున్నాడు. గోండు మనిషి, నడివయసు, మాటలు తక్కువ. బాట పక్క గునుగు తెల్లగా, గులాబీగా పూసి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు బతుకమ్మ కోసం దాన్ని గంపల్లోకి కోస్తున్నారు, వాళ్ల చేతుల చుట్టూ పసుపుపచ్చ సీతాకోకలు లేస్తూ వాలుతూ ఉన్నాయి.

లెక్చరర్ అందరినీ నిలబెట్టి పద్ధతి చెప్పింది.

"ఇద్దరిద్దరు జతగా నడవాలె. ఒకరు చూపియ్యాలె, ఒకరు రాయాలె. ఇద్దరు చూస్తేనే రాయాలె. ఒక్కరు చూసింది ఎంత గొప్పదైనా రాయద్దు. పట్టుకోవద్దు, ముట్టద్దు. ఫొటో దొరికితే సంతోషం, దొరకకున్నా ఫికర్ లేదు, రెండు జతల కండ్లు చాలు."

నాకు ఆ పిల్ల మీద గౌరవం పుట్టింది. తర్వాత ఆమె జతలు కట్టింది. పడుచువాళ్లను అటిటు వేసి, చివరకు మా ఇద్దరి దిక్కు చూసి, "మీరిద్దరు పెద్దోళ్లు, మెల్లగ నడుస్తరు. మీరొక జత," అన్నది.

ఆమెకు ఏం తెలుసు? అన్న నోట్‌బుక్ తెరిచి కలం చేతిలోకి తీసుకున్నాడు. నేను చూపించేవాణ్నయ్యాను.

అట్లా నడిచాం మేము. మూడేళ్లు మాట లేని ఇద్దరం, ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుంటూ.

"ఎడమ దిక్కు. పసుపుపచ్చది."

"చూసిన. కామన్ ఎమిగ్రెంట్."

"రాయి మీద. నల్లగీతలది, నీలం."

"చూసిన. బ్లూ టైగర్."

ఆయనకు పేర్లన్నీ తెలుసు. నాకు తెలియదు. ఎట్లా నేర్చుకున్నాడని అడగాలనిపించింది, అడగలేదు. ముందు నడుస్తున్న లెక్చరర్ ఆగి అడిగింది. "ఇంతమందిల తూనీగల పేర్లు మీకే ఎక్కువ ఎరుక, ఎక్కడ చూస్తరు సార్?"

"బాయిల కాడ," అన్నాడు అన్న. "కింద బొగ్గు తీసినకాడ పైన భూమి కుంగుతది. కుంగినకాడ నీళ్లు నిలుస్తయి. ఆ గుంటల మీద తూనీగలు. పొద్దుగాల ఇంట్ల ఉండబుద్ధి కాదు మేడం. పోయి ఆడ కూసుంట."

ఇంట్లో ఉండబుద్ధి కాదన్న మాట ఆయన నా దిక్కు చూడకుండానే చెప్పాడు. నేను వాగులోకి చూశాను. ఒక ఎర్ర తూనీగ తుంగ కొసన కూర్చొని, రెక్కలు ముందుకు వంచి, ఎండకు తోక పైకెత్తి ఉంది. 'తుంగ మీద' అన్నాను. 'చూసిన' అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

వాగు మలుపులో తడి ఇసుక మీద ముప్పై నలభై సీతాకోకలు గుంపుగా వాలి ఉప్పు పీలుస్తున్నాయి. ఎవరి నీడన్నా పడితే ఒక్కసారి లేచేవి, మళ్లీ అక్కడే దిగేవి. అందరం గట్టు మీద నిలబడ్డాం. మేనేజర్ గుసగుసగా, "అరె బాబా, ఆడికి ఎవలో పశువుల తోలుకొచ్చిన్రు, ఉచ్చ పోసినయి, దాని మీద వాలినయి. ఇంత అందమైనయి తాగేది గది," అన్నాడు. వాచర్ కూడా నవ్వాడు. అన్న నవ్వాడు. నేనూ నవ్వాను. అన్నా నేనూ ఒకే మాటకు ఒకేసారి నవ్వామని నేను మనసులో రాసుకున్నాను. అట్లాంటివి రాసుకునే స్థితిలో ఉన్నాను మరి.

పొద్దు నడినెత్తికి రాకముందే మా జత జాబితా అందరికంటే పొడవైంది. మిగతావాళ్లు ముందుకు పోయారు. మేము ఒక ఎత్తుగడ్డ దాటుతున్నాం. వెదురు పొదల కింద నీడ, ఎండుటాకులు. అన్నకు ఆయాసం వచ్చింది. ఆగి, వంగి, సంచీలోంచి నీళ్ల సీసా తీస్తున్నాడు. నేను ఎదుట ఉన్న టేకు మొద్దును చూస్తున్నాను. దాని మీద ఒక ఎండుటాకు ఉంది. కాడ ఉంది, నడిమి ఈనె ఉంది, పురుగు కొట్టిన మచ్చ కూడా ఉంది.

ఆ ఆకు తెరుచుకుంది.

లోపల నీలం. వాన వెలిసిన సాయంత్రం గుట్టల వెనక ఉండే ముదురు నీలం, దాని అడ్డంగా నారింజ పట్టీ. ఒక్కసారి, రెండుసార్లు తెరిచి మూసింది.

"అన్నా!" అన్నాను. అరిచాను.

ఆయన తలెత్తేసరికి అది లేచి పొదల్లోకి పోయి ఎక్కడో వాలింది. వాలి మళ్లీ ఆకైంది. అక్కడ ఉన్నవి వేల ఆకులు.

ఇద్దరం వెతికాం. ఆయన మోకాళ్ల మీద వంగి, నేను మునివేళ్ల మీద నడిచి. ఎంత సేపు అంటే, ముందుపోయినవాళ్లు మమ్మల్ని కేకేసేంత సేపు. దొరకలేదు. అన్న లేచి నిలబడ్డాడు. కలం ఆయన చేతిలో ఉంది, నోట్‌బుక్ తెరిచి ఉంది. నేను ఆ కలం వైపు చూశాను. ఎంత సిగ్గుపడాల్సిన విషయమో చెప్తాను. రాయాలని కోరుకున్నాను. ఆయన చూడలేదని తెలిసి కూడా, నా కోసం ఒక్క వరుస రాయాలని. రాస్తే ఇక మా మధ్య అంతా సర్దుకున్నట్టే అనిపించింది. జీవితమంతా ఏ పనిని తిట్టానో ఆ పనినే ఆయనను అడిగాను, నోటితో కాకపోయినా.

అన్న కలం మూత పెట్టాడు.

ఇప్పచెట్టు కింద అందరం కూర్చున్నాక ఒక్కో జత తమ జాబితా చదివింది. మాది అన్న చదివాడు. చదవడం అయిపోయాక నేను ఉండబట్టలేక చెప్పాను. ఎండుటాకు, తెరిస్తే నీలం, నారింజ పట్టీ.

"అరె బాబా," అన్నాడు మేనేజర్, ఇప్పచెట్టు దిక్కు చూపిస్తూ, "సార్ దీని పూల సారా ఎవలన్న పోసిన్రా మీకు?"

వ్యాన్‌లో నేను పెట్టిన బాధకు ఆయన బాకీ తీర్చుకుంటున్నాడు, న్యాయమే. అందరూ నవ్వారు. లెక్చరర్ మాత్రం నవ్వలేదు. లేచి నా దగ్గరికొచ్చింది.

"పట్టీ నారింజనా సార్, తెలుపా?"

"నారింజ."

"ఆరెంజ్ ఓక్‌లీఫ్ అంటరు దాన్ని. ఈ బాటల మేం ఒక్కసారి కూడ రాయలే. మూడేండ్లు తిరిగినం." ఆమె అన్న దిక్కు తిరిగింది. "సార్, మీరు పక్కనే ఉన్నరు గదా. చూసిన్రా?"

అందరూ ఆయనను చూశారు. నేను నా చెప్పులను చూశాను.

"నేను చూడలే మేడం," అన్నాడు.

అది నాకు తెలిసిన జవాబే. అయినా లోపల ఏదో కూలింది. ఒకరిద్దరు తమ సంచీలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"కానీ సార్ చూసిండు," అన్నాడు అన్న. "నలభై ఏండ్ల సంది ఎరుక నాకు. చూడనిది చూసిన్నని ఆయన నోటెంట ఎన్నడు రాలే. మీరు రాయకుండ్రి, రాయద్దు. చూసుడైతే చూసిండు."

ఎవరూ నవ్వలేదు. మేనేజర్ కూడా.

లెక్చరర్ ఇబ్బందిగా నా మొహం చూసింది. "రాయద్దమ్మా," అన్నాను. "నీ పద్ధతి మంచిది."

తిరుగు ప్రయాణంలో నేను కిటికీ పక్క కూర్చుని ఆలోచించాను. ఆయన చెప్పింది రెండే వాక్యాలు. నేను చూడలే. ఆయన చూసిండు. రెండింటికీ మధ్య ఏ తగువూ లేదు. లెక్కలోకి రాకుండా ఆపడం వేరు, మనిషిని అబద్ధాలకోరును చేయడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆ ఆదివారం నేను కుర్చీలోంచి లేచి, "అన్నా, దగ్గు గోడవతలిదే కావచ్చు, కానీ నీకు ఇనవడ్డది, అది నిజం," అనాల్సింది. అని, సభ ముగించి, ఆయనతో బస్టాండు దాకా నడవాల్సింది. మూడు కారణాలూ చెప్పాల్సింది, తర్వాత, చాయ్ తాగుతూ. నేను ప్రశ్న అడగడం కాదు తప్పు. ఎవరిని అడుగుతున్నానో మరవడం.

లక్షెట్టిపేటలో వ్యాన్ చాయ్ కోసం ఆగింది. అన్న అక్కడ దిగి మంచిర్యాల దిక్కు పోయే ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డాడు. నేను రెండు చాయ్‌లు పట్టుకొని పోయాను. తీసుకున్నాడు.

"అన్నా, ఆ దినం మీటింగుల నేను గట్ల అడగకుంట ఉండాల్సింది," అన్నాను. మూడేళ్లు మోసుకొచ్చిన వాక్యం. ఇంకా పెద్దది ఉండేది, అంతే బయటికొచ్చింది.

ఆయన చాయ్ ఊదుకుంటూ తాగాడు. "ఎందుకు అడగద్దు? ఎవలన్న అడగాల్సిందే. నువ్వు కాకపోతే నేనే అడిగేటోణ్ని."

"కోపం పోయిందా మరి?"

"కోపం ఆ వారంలనే పోయింది."

"మల్ల ఫోన్ ఎందుకెత్తలే?"

రోడ్డు మీద పత్తి ట్రాక్టరు ఒకటి పోయింది. ఆయన దాన్నే చూస్తూ చెప్పాడు.

"ఆ మీటింగు నుంచి ఇంటికి పోయిన. తెల్లారగట్ల లేచి కూసున్న. దగ్గు ఇనవడ్డది. నువ్వు చెప్పిన మూడో ముచ్చట మతికొచ్చింది. లేచి పోయి గోడకు చెవి పెట్టిన. మల్ల దగ్గిండు. పక్కింటాయన. నువ్వన్నది కరక్టు. ఆయనదే ఆ దగ్గు, మొదటిసంది."

నేను చాయ్ గ్లాసును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"ఇప్పుడు కూడ రోజు ఇనవడ్తది," అన్నాడు. "ఆయన ముసలోడైండు, ఇంకింత గట్టిగ దగ్గుతుండు. ఇనుకుంట పండుకునుడు నాతోని కాదు. అందుకే గుంటల కాడికి పోత. నీ మీద కోపమేం లేదు. నీ గొంతు ఇంటే మాత్రం గోడ యాదికొస్తది."

ఆటో వచ్చింది. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి ఎక్కాడు. అప్పుడప్పుడు రమ్మనలేదు, రావద్దనలేదు. నేను రెండు గ్లాసులు పట్టుకొని ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. నాకు ఒక పిచ్చి కోరిక కలిగింది. ఉరికి, ఆటో ఆపి, ఆ మూడో కారణం మీద నాకే అనుమానం, అన్నా, నువ్వు గోడకు చెవి పెట్టిన రోజు దగ్గింది ఆయన కావచ్చు కానీ అంతకుముందుది ఎవరు చెప్పగలరు, అని చెప్పాలనిపించింది. చెప్పినా ఆయన నమ్మడు. నేనూ నమ్మను. మేమిద్దరం ఒకే బడిలో, ఆ బట్టల దుకాణం మీది గదిలో, చదువుకున్నాం. తట్టి చూస్తే ఆ మాట డొల్ల శబ్దం చేస్తుంది. తెలిసిన నిజాన్ని మరిచిపొమ్మని ఎవరికి చెప్పగలం? నిజం చెప్పినవాడు దాని పక్కన కాసేపు కూర్చోవాలి. నేను చెప్పి, సభ ముగిసిందని ప్రకటించాను.

నెల తర్వాత లెక్చరర్ ఫోన్ చేసింది. చలికాలం తూనీగల నడక ఉందని, వస్తారా అని.

"ఆయన వస్తుండా?" అన్నాను.

"వస్తుండు సార్." మళ్లీ తనే అందుకుంది. "జత మాత్రం వేరే వెయ్యమన్నడు. మీరు ఏమనుకోకుండ్రి. మీ నడక తేజ్ ఉన్నదట, ఆయాసం వస్తుందట."

నా నడక తేజ్ కాదు. ఆ పిల్లకు కూడా తెలుసు. ఏమనుకోనన్నాను.

పోయాను. ఈసారి నాకు వాచర్ జత. అన్నకు మేనేజర్. నీళ్లు తగ్గి వాగు సన్నగా పారుతోంది, పొద్దున చలికి తూనీగలు లేవలేక గడ్డిపోచలకు అతుక్కొని ఉన్నాయి, రెక్కల మీద మంచు. అన్న ముందు మలుపులో ఉన్నాడు. మనిషి కనిపించడం లేదు, గొంతు వినిపిస్తోంది.

"నీళ్ల మీద. సన్నది. చూసిన్రా?"

"అరె బాబా, ఏది? ఆగు ఆగు. ఆఁ, చూసిన చూసిన."

నేను అక్కడే నిలబడ్డాను. వాచర్ కలం పట్టుకొని ఓపికగా ఆగాడు. చాలాసేపటికి తనే గడ్డి దిక్కు వేలు చూపించి, "సార్, ఇక్కడ ఒకటున్నది," అన్నాడు.

వంగి చూశాను. ఉంది.

"చూసిన," అన్నాను. అతను రాసుకున్నాడు.